గాజుకు గండం తొట్టి దగ్గరే

హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణి, ఐరోపా స్ఫటికపు గాజు పాత్రలు నేటికీ నిగనిగలాడుతున్నాయి. అద్దాల బీరువాలో ఉన్నంతవరకు వాటికి భయం లేదు. ఇంట్లో పండుగనాడు బయటికి తీసిన సెట్టుకు మాత్రం అసలు గండం భోజనం ముగిశాకనే వస్తుంది.

గాజులో వేడి మెల్లగా పాకుతుంది. చల్లని గ్లాసును మరిగే నీట ముంచితే వేడి తగిలిన పొర ముందు వ్యాకోచిస్తుంది, తక్కిన భాగం వెనుకబడుతుంది. ఆ పెనుగులాటలో గ్లాసు పగులుతుంది. అందుచేత గోరువెచ్చని నీరే మేలు. తొట్టి అడుగున తువ్వాలు పరచి, ఒక్కొక్క పాత్రనే కడగాలి.

ఇత్తడి చెంబును తళతళలాడించే బూడిద, కొబ్బరిపీచు పింగాణి పాలిటి శత్రువులు. పూత మీద చివరగా, తక్కువ వేడిమిలో కాల్చి అద్దిన బంగారు అంచును అవి చెరిపివేస్తాయి. పళ్ళెం అడుగున పూత లేని వలయం గరుకుగా ఉంటుంది. దొంతర పెట్టేటప్పుడు నడుమ మెత్తని గుడ్డ ఉంచాలి.

అందానికి మించిన హెచ్చరిక మరొకటి ఉంది. సీసపు స్ఫటికంలో 24 శాతానికి తగ్గకుండా సీసపు ఆక్సైడు ఉంటుంది. అందులో పళ్ళరసమో, ఊరగాయో నిలవ ఉంచితే సీసం ఆహారంలోకి దిగుతుంది. పెద్దలకు అప్పుడప్పుడు వడ్డనకే తప్ప, నిలవకు అది పనికిరాదు. పిల్లలకు అసలే వద్దు.