అపస్వరం అలవాటైతే...

మన యిళ్లలో పిల్లలకు కథలు చెబుతున్నది ఎవరు? ఒకప్పుడు నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పేవారు. నేడు సెల్‌ఫోను చెబుతున్నది. అడిగిన కథను అడిగిన క్షణంలోనే అల్లి ఇచ్చే యంత్రాలు కూడా వచ్చేశాయి. ఇట్టి కాలాన్ని ఎంతో ముందుగా ఊహించిన ఒక కథను మీకు పరిచయం చేయగోరుతున్నాము.

ఆంగ్ల రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో "ది మెషీన్ స్టాప్స్" అనే కథ వ్రాశాడు. ఇళ్లలో రేడియో సైతం లేని రోజులవి. ఆ కథలో మనుషులు భూమి క్రింద, ఎవరి గదిలో వారు ఒంటరిగా జీవిస్తారు. మీట నొక్కితే ఆహారం, మీట నొక్కితే సంగీతం. కవిత్వం అల్లడానికి కూడా యంత్రమే! అందులో ఒక తల్లి పేరు వష్తి. ఎస్తేరు గ్రంథంలోని రాణి పేరే. ఆమెకు వేలాదిమంది పరిచయస్థులున్నారు. కాని ఎక్కడో దూరాన ఉన్న కుమారుడు కూనో పిలిస్తే ఆమె ఇవ్వగలిగింది ఐదు నిమిషాలే. పలకమీద నీ బొమ్మ కనబడితే చాలదు, నీవే స్వయంగా రావాలని అతడు బ్రతిమాలుతాడు.

క్రమేణా యంత్రం పాడవసాగింది. పాటల మధ్యలో రొప్పుతున్నట్టు వింత శబ్దాలు వినబడ్డాయి. కవితలలో ప్రాసలు తప్పాయి. స్నానపు నీరు కంపుకొట్టింది. జనం మొదట మరమ్మతుల కమిటీకి ఫిర్యాదు చేశారు. కొన్నాళ్లకు ఆ అపస్వరం కూడా రాగంలో భాగమేనని ఊరకున్నారు. చివరకు యంత్రం ఆగిపోయింది. పుట్టినది మొదలు దాని రొద వింటూ బ్రతికినవారు వేలాదిమంది ఆ నిశ్శబ్దానికే ప్రాణాలు విడిచారు.

మేము గమనించిన సంగతి ఏమనగా, యంత్రం ఆగిన దినానికన్న ఎంతో ముందే, చెడిన పాటను చెవులు ఒప్పుకొన్ననాడే అసలు ప్రమాదం జరిగిపోయింది. తమ నోట పాడుకొనేవారు నలుగురున్నా ఆ తేడా మరచిపోయేవారు కాదు.

యంత్రాలను పారవేయమని మేము చెప్పము. దూరదేశాలలో ఉన్న బిడ్డల ముఖాలను అవే మనకు చూపుతున్నాయి. అయితే తాతగారు ఈ ఊరికి ఎందుకు వచ్చారో, కరువు రోజుల్లో నాయనమ్మ సంసారాన్ని ఎలా నెట్టుకొచ్చిందో ఏ యంత్రానికి తెలుసు? అది మీరే చెప్పాలి. మధ్యలో బిడ్డ "ఎందుకు నాన్నా?" అని అడిగితే, సగం జవాబు మీ ముఖంలోనే చూచుకొంటాడు.

కథ చివర తల్లీకుమారులు కలిసికొన్నారు. ఒకరినొకరు తాకి మాట్లాడుకొన్నారు. కాని అప్పటికే సమయం మించిపోయింది. మనకింకా సమయమున్నది. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ పిల్లలకు ఐదు నిమిషాలు కాదు, ఒక అరగంట ఇవ్వండి.