గొర్రెల మందయా? పాడిపశువులా?

2019 పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో దేశమున తెలంగాణ ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశ్ ద్వితీయస్థానమును పొందినవి. అయినను, మందను అమ్మి పాడిపశువులను కొనుట మేలు కాదా యని ఆలోచించు కాపరులు ఉన్నారు.

గొర్రె మెట్టనేలల జీవి. కోతలైన చేలలో, బంజరులలో, గుట్టల వాలులలో దొరికినది మేసి బ్రతుకును. సుమారు 5 నెలల చూలుతో ఈనును. ఇంట అవసరము కలిగినపుడు రెండు పొట్టేళ్ళను అమ్మినను మంద మిగిలియే యుండును. రాత్రులందు చేలో మంద పెట్టించుకొన్న రైతు ఎరువునకు ప్రతిఫలము నిచ్చును. కాని కాపరికి ఎండవానలలో తిరుగుట తప్పదు. చిటుకరోగము వంటిది సోకినచో రోజులలోనే మంద పలుచబడును.

గేదె చూలు 10 నెలలు. పాలిచ్చునంతకాలము సొమ్ము క్రమముగా చేతికందును. వట్టిపోయిన నెలలలోను మేత మాత్రము పెట్టవలసినదే. గొర్రెకు రోజునకు కొద్ది లీటర్ల నీరు చాలును. పాడిగేదెకు పదుల లీటర్లు కావలెను. ఉన్న ఒక్క గేదె మరణించిన, పెట్టుబడి యంతయు పోవును.

కావున కాపరి సోదరులకు మేము మనవి చేయునది ఇది. వైశాఖమాసమున మీ బావిలో నీరుండునా? పచ్చిమేతకు తడినేల కలదా? పాలకేంద్రము దగ్గరనున్నదా? ఉభయసంధ్యల పాలు పితుకుటకు ఇంట మనుషులున్నారా? ఈ నాలుగును ఉన్న ఇంటికి పాడి లాభించును. ఏ ఒక్కటి లేకున్నను తొందర వలదు. మందలో కొంతభాగము నమ్మి ఒక గేదెను తెచ్చి, ఒక వేసవి గడపి చూడుడు. అమ్మిన మందను మరల కూర్చుటకు ఏండ్లు పట్టును.