అంట్లు తోమే యంత్రం: నీటి లెక్క, కరెంటు లెక్క

ఇంటి పనులన్నింటిలోనూ ఎంత చేసినా తరగనిది, చేసినట్టు ఎవరి కంటికీ ఆననిది అంట్లు తోమడం. రుచికరమైన వంటకు మెచ్చుకోలు దక్కుతుంది గాని, తళతళలాడే గిన్నెకు ఎవరూ కితాబివ్వరు. ఉదయం నాష్తా, మధ్యాహ్న భోజనం, సాయంత్రం చాయ్, రాత్రి భోజనం అన్నీ కలిపి ఐదారుగురు ఉన్న ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు సింకు నిండుతుంది. ఇక రమజాన్ మాసంలోనైతే ఇఫ్తార్ పాత్రలు కడిగి లేచేసరికి సహరీకి సమయం దగ్గరపడుతుంది. పనివారు రాలేకపోయిన 2020 నాటి లాక్‌డౌన్ రోజుల నుంచి మన పట్టణాల్లోని కుటుంబాల్లో డిష్‌వాషర్ ప్రస్తావన తరచుగా వినబడుతోంది.

దుకాణదారుడు అది నీటినీ, కరెంటునూ ఆదా చేస్తుందంటాడు. ఇంటి పెద్దలు అది వృథా ఆడంబరమంటారు. ఈ రెండు మాటల్లోనూ సగమే నిజముంది. ఈ యంత్రం నీటిని ఆదా చేసే మాట వాస్తవం. అయితే చన్నీటితో అంట్లు తోమే మన ఇళ్లలో అది కరెంటును ఆదా చేయదు, అదనంగా ఖర్చు పెడుతుంది. కొనాలా వద్దా అన్నది తేల్చుకునేముందు ప్రతి కుటుంబమూ ఈ రెండు లెక్కలనూ విడివిడిగా వేసుకోవడం అవసరం.

యంత్రం లోపల జరిగేదేమిటి?

అమెరికాకు చెందిన జోసెఫిన్ కాక్రేన్ అనే మహిళ 1886లో ఇటువంటి యంత్రానికి పేటెంటు పొందింది. నీటిని ఒత్తిడితో చిమ్మి పాత్రలను కడగాలన్న ఆమె ఆలోచనే నేటికీ ఈ యంత్రానికి ఆధారం. నేటి యంత్రం ఒక్కో విడతకు మూడు నాలుగు లీటర్ల నీటిని మాత్రమే తీసుకుంటుంది. తిరిగే రెక్కల రంధ్రాల గుండా ఆ నీటినే మళ్లీ మళ్లీ పాత్రలపై చిమ్ముతుంది. కింద ఉన్న జల్లెడ ఎంగిలి మెతుకులను ఆపుతుంది. ఆ మురికి నీటిని బయటికి పంపి కొత్త నీటిని తీసుకుంటుంది. ఇలా మూడు నాలుగు విడతల్లో కడగడం, జాడించడం పూర్తవుతాయి. పన్నెండు నుంచి పద్నాలుగు మంది పళ్లేలు, గ్లాసులు పట్టే సాధారణ యంత్రానికి పొదుపు పద్ధతిలో ఒకసారికి 9 నుంచి 12 లీటర్ల నీరు, ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు పడుతుంది. బాగా జిడ్డు పట్టిన పాత్రల కోసం ఉండే గాఢమైన పద్ధతిలో నీరు 15 లీటర్లు దాటవచ్చు, కరెంటు ఒకటిన్నర యూనిట్ వరకు పోవచ్చు.

ఈ కరెంటులో అధిక భాగం ఖర్చయ్యేది మోటారు తిరగడానికి కాదు, నీటిని వేడి చేయడానికి. 28 డిగ్రీల వద్ద ఉన్న నాలుగు లీటర్ల నీటిని 65 డిగ్రీలకు చేర్చడానికి సుమారు 0.17 యూనిట్ కావాలి. ప్రధానంగా కడిగేటప్పుడు ఒకసారి, చివరగా జాడించేటప్పుడు ఒకసారి వేడి చేయవలసి ఉంటుంది. నీటితోపాటు యంత్రం లోపలి ఉక్కు తొట్టి, పాత్రలు కూడా వేడెక్కాలి. యంత్రం ఖర్చును అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

యూరప్ లెక్క మనకు సరిపోతుందా?

డిష్‌వాషర్ ప్రకటనల్లో తరచుగా కనిపించే పోలికలకు మూలం జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన. వివిధ యూరప్ దేశాలకు చెందిన 113 మందికి పన్నెండు మంది తిన్న పాత్రలను ఇచ్చి చేత్తో కడిగించారు. వారు సగటున 103 లీటర్ల నీటినీ, రెండున్నర యూనిట్ల శక్తినీ ఉపయోగించారు. అవే పాత్రలకు యంత్రం చాలా తక్కువ నీటితో, తక్కువ శక్తితో సరిపెట్టుకుంది.

ఇందులో నీటికి సంబంధించిన మాట మనకూ వర్తిస్తుంది. శక్తికి సంబంధించిన మాట వర్తించదు. చలి దేశాల్లో సింకు కుళాయి నుంచి వేడి నీరు వస్తుంది. అక్కడ చేత్తో కడిగినా ప్రతి లీటరుకూ విద్యుత్తో, గ్యాసో ఖర్చవుతూనే ఉంటుంది. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో సింకు దగ్గర వేడి నీరు వాడే ఇళ్లు బహు తక్కువ. మనం చేత్తో తోమినప్పుడు అయ్యే విద్యుత్తు నీటిని పైకి తోడే మోటారుది మాత్రమే. 150 మీటర్ల లోతు బోరు నుంచి వంద లీటర్ల నీరు తోడటానికైనా ఇంచుమించు పదోవంతు యూనిట్ చాలు. యంత్రం పొదుపు చేసే నీటి వల్ల మిగిలే కరెంటు, అది నీటిని కాచడానికి వాడే కరెంటుకు ఏమాత్రం సాటిరాదు.

మన కుళాయి లెక్క

వంటింటి కుళాయి కింద ఐదు లీటర్ల పాత్ర పెట్టి, అది నిండటానికి ఎంతసేపు పడుతుందో గడియారంలో చూడండి. సాధారణంగా నిమిషానికి ఆరు నుంచి పది లీటర్ల వరకు వస్తుంది. ఎనిమిది లీటర్లు అనుకుందాం. అంట్లు తోమే సమయంలో కుళాయి రోజుకు మొత్తం పన్నెండు నిమిషాలు తెరిచి ఉంటే 96 లీటర్లు, నెలకు దాదాపు 2,900 లీటర్లు పోతాయి. అవే పాత్రలు రోజుకొకసారి యంత్రంలో పడితే నెలకు 360 లీటర్లు చాలు. మిగిలేది సుమారు 2,500 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరులో సగం.

అదే ఇంట్లో కుళాయి కట్టేసి, రెండు తొట్లలో నీరు పట్టి తోమితే రోజుకు 30 లీటర్లతో పని జరుగుతుంది. అప్పుడు నెలకు 900 లీటర్లే. యంత్రానికీ, చేతికీ మధ్య తేడా 540 లీటర్లకు పడిపోతుంది. కనుక నీటిని అసలు వృథా చేసేది చేయి కాదు, కట్టేయని కుళాయి.

ఈ పొదుపు విలువ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో 2021 నుంచి గృహాలకు నెలకు 20,000 లీటర్ల వరకు నల్లా నీరు ఉచితం. ఆ నల్లా సక్రమంగా వచ్చే ఇంటికి ఈ ఆదా బిల్లులో కనిపించదు. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంటులో మాత్రం 2,500 లీటర్లు చిన్న విషయం కాదు.

స్లాబు దాటితే ఏమవుతుంది?

రోజుకొక యూనిట్ అంటే నెలకు 30 యూనిట్లు. ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కాని ఈ 30 యూనిట్లు మీ వాడకాన్ని ఏ గీత దాటిస్తాయన్నదే ముఖ్యం.

తెలంగాణలో 2022 నుంచి అమలులో ఉన్న గృహ చార్జీలను ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 190 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, మిగతా తొంభైకి 4.80 చొప్పున మొత్తం 772 రూపాయల విద్యుత్ చార్జీ పడుతుంది. డిష్‌వాషర్ వచ్చి వాడకం 220కి చేరితే ఆ ఇల్లు 200 దాటిన వర్గంలోకి వెళుతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, పై ఇరవైకి 7.70 చొప్పున లెక్కించగా 1,174 రూపాయలవుతుంది. పెరిగింది 30 యూనిట్లే అయినా భారం 402 రూపాయలు. యూనిట్‌కు 13 రూపాయలకు పైగా పడినట్టన్నమాట. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకాలు దీనికి అదనం.

2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ పరిమితి దాటిన నెలలో పూర్తి బిల్లు చెల్లించవలసి వస్తుంది. అటువంటి ఇంట్లో ఈ 30 యూనిట్ల ఖరీదు వెయ్యి రూపాయలు దాటుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. అక్కడ పై స్లాబులోకి వెళ్లినా కింది యూనిట్ల ధర మారదు. 200 యూనిట్లకు 867 రూపాయలయ్యే విద్యుత్ చార్జీ 230 యూనిట్లకు సుమారు 1,061 అవుతుంది. పెరుగుదల 194 రూపాయలు. సర్దుబాటు చార్జీలు వీటిలో చేరలేదు. ఏ రాష్ట్రంలో ఉన్నా గత పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకొని, ప్రతి నెలకూ 30 యూనిట్లు కలిపి చూడటం ఉత్తమం. ఏసీలు, కూలర్లు తిరిగే వేసవి నెలలను ప్రత్యేకంగా గమనించాలి.

బిల్లులో కనిపించని ఖర్చులు

నీరు, కరెంటు కన్నా ఎక్కువయ్యేది తరచుగా సబ్బు ఖర్చే. ఈ యంత్రంలో మామూలు గిన్నెల సబ్బు వాడరాదు. నురగ పొంగి బయటికి వస్తుంది. దాని కోసం తయారైన బిళ్ళ ఒక్కొక్కటి సుమారు పదిహేను నుంచి పాతిక రూపాయల వరకు ఉంటుంది. పొడి వాడితే కొంత తగ్గుతుంది. చివర జాడించే ద్రవం కూడా కావాలి.

బోరు నీటి కాఠిన్యం మరో సమస్య. సింకు అంచున, బకెట్ల అడుగున తెల్లగా పేరుకునే సున్నమే ఈ యంత్రపు హీటరుకూ, గాజు గ్లాసులకూ పడుతుంది. దానిని నివారించడానికి యంత్రంలో నీటిని మెత్తబరిచే ఏర్పాటు ఉంటుంది. అది పనిచేయడానికి ప్రత్యేకమైన ఉప్పు పోయాలి. వంటకు వాడే అయొడైజ్డ్ ఉప్పు ఇందుకు పనికిరాదు. నీరు ఎంత కఠినమైతే అంత ఎక్కువ ఉప్పు ఖర్చవుతుంది. ఇవన్నీ కలిపితే రోజుకొకసారి నడిపే యంత్రానికి నెలకు ఏడెనిమిది వందల నుంచి వెయ్యి రూపాయల వరకు అవుతుంది. ముప్పై నలభై వేల రూపాయల యంత్రం పదేళ్లు మన్నుతుందనుకుంటే, దాని వెల కూడా నెలకు రెండు వందల యాభైకి తగ్గదు.

మన వంటింటి గిన్నెలు

కొనేముందు మీ అల్మారా ఒకసారి తెరిచి చూడండి. స్టీలు పళ్లేలు, గిన్నెలు, గాజు గ్లాసులు, పింగాణీ కప్పులు యంత్రానికి ఎంతో అనుకూలం. సాలన్, నిహారీ వడ్డించిన గిన్నెలకు పట్టిన కొవ్వు చన్నీటితో త్వరగా వదలదు. యంత్రంలోని వేడి నీటికి సులువుగా వదులుతుంది. కాని బిర్యానీ వండే పెద్ద దేగిసా అందులో పట్టదు. అల్యూమినియం పాత్రలు క్షారగుణం గల ఆ సబ్బుకు నల్లబడతాయి. ఇనుప పెనం తుప్పుపడుతుంది. కలాయి పూసిన రాగి, ఇత్తడి పాత్రలకు కలాయి దెబ్బతింటుంది. బంగారు అంచు ఉన్న కప్పుల మెరుపు పోతుంది. అంటే యంత్రం వచ్చినా కొంత చేతిపని మిగిలే ఉంటుంది.

కొన్నవారు పాటించవలసినవి

పాత్రలను కుళాయి కింద కడిగి యంత్రంలో పెట్టడం చాలా మందికి అలవాటు. ఐదు నిమిషాలు అలా కడిగితేనే 40 లీటర్లు పోయి, నీటి ఆదాలో దాదాపు సగం హరించుకుపోతుంది. ఎముకలు, మెతుకులు తీసి చెత్తలో వేసి, జిడ్డును పాత కాగితంతో తుడిస్తే చాలు. ఎండిన పిండి పదార్థాన్నీ, మాంసకృత్తులనూ విడగొట్టే ఎంజైములు ఆ సబ్బులోనే ఉంటాయి.

యంత్రం నిండిన తరువాతే నడపాలి. సగం నిండినా నీరు, కరెంటు దాదాపు అంతే పడతాయి. పొదుపు పద్ధతి మూడు గంటలు తీసుకున్నా దానినే ఎంచుకోవాలి. అది వేడి తగ్గించి, ఆ లోటును సమయంతో పూరిస్తుంది. కడగడం పూర్తవగానే తలుపు తెరిస్తే పాత్రలు గాలికే ఆరతాయి. జల్లెడను తరచుగా శుభ్రం చేయాలి. ఇంటిపై సౌర విద్యుత్ ఫలకాలున్నవారు పగటిపూట నడపడం లాభదాయకం.

యంత్రం లేని ఇంట

అమెరికాలోని మిషిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన విషయం తెలిపింది. కుళాయి వదిలి కడిగే పద్ధతి కన్నా యంత్రమే పర్యావరణానికి మేలు. కాని ఒక తొట్టిలో సబ్బు నీరు, మరొక తొట్టిలో మంచి నీరు పెట్టుకొని కడిగే పద్ధతి యంత్రం కన్నా కూడా తక్కువ కాలుష్యం కలిగిస్తుంది. ఇది మన అమ్మమ్మలు, నానీలు పెరటిలో గోళెం పక్కన పీట వేసుకొని అనుసరించిన పద్ధతే. తినగానే పళ్లేలు నానబెట్టడం, ముందు గ్లాసులు, తరువాత పళ్లేలు, చివరకు జిడ్డు గిన్నెలు తోమడం, జాడించిన నీటిని తరువాతి విడత నానబెట్టడానికి వాడటం వంటివి పైసా ఖర్చు లేని పొదుపు మార్గాలు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) లీటరు లోపు ఉండే ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పరిశుభ్రతకు నీరు ధారాళంగా పారనవసరం లేదని నిత్యం వుజూ చేసే కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పొదుపు వుజూ దగ్గర నుంచి వంటింటి సింకు వరకు రావలసి ఉంది.

అయితే పొదుపు పేరిట ఇంటి ఇల్లాలి శ్రమను లెక్కలోంచి తీసివేయడం న్యాయం కాదు. నడుము నొప్పితోనో, కీళ్ల నొప్పులతోనో బాధపడుతున్న తల్లికి, పసిబిడ్డతో సతమతమయ్యే కోడలికి, ఉద్యోగం చేసి వచ్చి సింకు ముందు నిలబడే సోదరికి ఈ యంత్రం రోజుకు గంట విశ్రాంతిని ఇవ్వగలిగితే, ఆ ఇంట అది ఆడంబరం అనిపించుకోదు. నెలకు వెయ్యి రూపాయలు భరించలేని ఇంట, తిన్న పళ్లెం ఎవరిది వారే కడుక్కోవడం, పెద్ద గిన్నెలు మగవారు అందుకోవడం అంతే విశ్రాంతినిస్తుంది. బిల్లులు, కుళాయి లెక్క, ఇల్లాలి అలసట – ఈ మూడింటినీ ముందుంచుకొని ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోవాలి. ఆ సంప్రదింపులో మొదటి మాట, రోజూ ఆ సింకు ముందు నిలబడేవారిదే కావాలి.