పక్క మంచం వారికి ప్రభువును గూర్చి చెప్పడానికి మనం తగినవారమా?



“నా కోపమే నాకు అణగదు. ఇక ఇతరులకు నేనేం సాక్ష్యం చెప్పను?” అని వెనుకాడే విశ్వాసులు మనలో చాలామంది ఉన్నారు. అలాంటివారు ఒకసారి ఒంగోలు సంగతి తలచుకోవాలి.

నెల్లూరులోని బాప్టిస్టు మిషన్‌ను మూసివేయాలా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. వచ్చిన జాన్ క్లౌ దొరగారు ఒకప్పుడు భూములు కొలిచే సర్వేయరు.

ఆయన కంటే ముందే దేవుడు మరొకరిని సిద్ధపరిచాడు. ఆయనే తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, చదువు రానివాడు. 1866లో బాప్తిస్మం పొంది, తెలిసిన నాలుగు మాటలే ఊరూరా తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌగారు ఆ ఊరు వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు!

క్లౌగారికీ తడబాటు తప్పలేదు. ఒంగోలులో పై కులాలవారు తమ పిల్లలను ఆయన బడికి పంపేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే పిల్లలను మాన్పిస్తామన్నారు. ఆయన ఎటూ తేల్చుకోలేకపోయారు. (మనమైతే ఏం చేసేవాళ్లమో!) ఆయన ఒక గదిలో, దొరసాని హ్యారియెట్ గారు మరో గదిలో క్రొత్త నిబంధన తెరవగా, ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయంలో, దేవుడు బలహీనులను ఏర్పరచుకున్నాడనే భాగమే కనబడిందట. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

1876–78 కరువులో క్లౌగారికి ఆ పాత సర్వే చదువే అక్కరకు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని చూపించారు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకుండా, ఆ పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినది దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున నీటిలో నిలబడి ఇచ్చారు.

కనుక మీ కోపం తగ్గేదాకా ఆగనక్కరలేదు. నిన్న ఆయా మీద కేకలు వేసి ఉంటే, ముందు ఆమెను క్షమాపణ అడగండి. అదీ సాక్ష్యమే. పక్క మంచం వారితో ప్రార్థించే ముందు వారి అనుమతి తీసుకోండి. వద్దంటే నొచ్చుకోకండి. విశ్వాసం లేకనే జబ్బు వచ్చిందని గానీ, మాత్రలు మానేయమని గానీ ఎవరితోనూ అనకండి. ఆయాసపడుతున్నవారి దగ్గర రెండు నిమిషాలు చాలు. సిస్టరుగారు ఇంజక్షన్ తెస్తే లేచి దారి ఇవ్వండి.