ఉప్పూ కారం తప్ప అన్నీ వేసి కట్టారు!

మీకు తెలుసా? 1591లో చార్మినార్ లేచేనాటికి లోకంలో పోర్ట్‌లాండ్ సిమెంటు బస్తా ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఇంగ్లండులో దానికి పేటెంటు వచ్చింది 1824లో. అంటే సిమెంటు కన్నా మన చార్మినార్ 233 ఏళ్లు పెద్దది. వరసకి ముత్తాతకే ముత్తాత!

మరి రాళ్లను పట్టి ఉంచిందేమిటి? డంగు సున్నం. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో పోసి, ఎద్దుల చేత తిప్పించి, వెన్నలా నూరేవారు. పాతకాలపు మేస్త్రీలు అందులో కలిపే దినుసులు వింటే కిరాణా చీటీ అనుకుంటారు: బెల్లం, మినప్పప్పు, కరక్కాయ, మారేడు గుజ్జు, కోడిగుడ్డు తెల్లసొన. పాళ్లు మేస్త్రీని బట్టి మారేవి. అచ్చం అత్తగారి సాంబారులాగే!

చైనావాళ్లు ఏం కలిపారో మీకు తెలుసా? జిగురు బియ్యం గంజి! మింగ్ చక్రవర్తుల నాటి నాన్‌జింగ్ కోటగోడలో ఉన్నదదే. వాళ్లది అన్నం, మనది పప్పు. కలిపితే భోజనం సిద్ధం.

సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం. గోడకు పూశాక అదే సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని, మెల్లగా మళ్లీ రాయి. ఎక్కడెక్కడ తిరిగినా చివరికి పుట్టింటికే!

చార్మినార్ నెత్తిన ఏముందో మీకు తెలుసా? మసీదు! పై అంతస్తుకి 149 మెట్లు. ఇనుప చువ్వ లేదు, కాంక్రీటు లేదు, అంత బరువూ నాలుగు కమానుల మీదే. చాలదన్నట్టు 1889లో నాలుగు గడియారాలు కూడా తగిలించారు. కమానులు కిక్కురుమనలేదు.

హైదరాబాద్‌లోనే ఇంకో పాత కట్టడం ముచ్చట: 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. నిలబడిందెవరు? 1578లో కట్టిన పురానాపూల్! అప్పటికే 330 ఏళ్ల ముసలి. కుర్రాళ్లంతా మునిగితే తాతగారు ఒడ్డున పడ్డారు.

2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడిపడింది. మరమ్మతుకి ఏం వాడారో మీకు తెలుసా? మళ్లీ సున్నమే. సిమెంటుకి ఇంకా సీనియారిటీ రాలేదు మరి!

ఇక మీ వంతు. కమానుల కిటుకు ఇంట్లోనే చూడండి. నాలుగు గుడ్ల డొప్పలు తీసుకోండి. నడుముకి టేపు చుట్టి, అంచు సమంగా కత్తిరించి, బల్ల మీద నాలుగు మూలలా బోర్లించండి. పైన ఒక్కో పుస్తకం పేర్చుకుంటూ పోండి. పగలవేం? గుమ్మటం కదా, కమానులాగే బరువుని చుట్టూ పంచి కిందికి దించేస్తుంది! ఎన్నో పుస్తకానికి పుటుక్కుమందో లెక్కపెట్టి పిల్లలకి చెప్పండి. సొన మాత్రం పారబోయకండి. ఆమ్లెట్ వేసుకోండి, మినారు కట్టే ఆలోచన లేకపోతే!