వీడియో మెనూ - భోజనశాల విక్రయాలు: చంపాపేట్ పరిసరాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అచ్చువేసిన వంటకాల పట్టికకు బదులుగా గానీ, దానికి తోడుగా గానీ, వంటకం తయారీనీ వడ్డననూ చూపే చిన్న దృశ్యాలను వాడే పద్ధతి వీడియో మెనూ. ఇది భోజనశాల విక్రయాలను ఏ సందర్భంలో పెంచుతుంది, ఎక్కడ నిష్ప్రయోజనమవుతుంది అన్న విషయాన్ని హైదరాబాద్ తూర్పుభాగంలోని చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల ఆహారవ్యాపార స్వభావాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలిసిన వంటకానికి దృశ్యం అలంకారం మాత్రమే. తెలియని వంటకానికి అది అర్థవివరణ. ఈ భేదమే వ్యాసానికి మూలం.

కీలకపదాలు: వీడియో మెనూ, వంటకాల పేర్లు, సర్వపిండి, విక్రయం, చంపాపేట్.

1. ఉపోద్ఘాతం:
వంటకాన్ని చూపి అమ్మడం తెలుగువారికి కొత్త విషయం కాదు. టిఫిన్ సెంటర్లలో పెనం వీధివైపే ఉంటుంది. పిండిని గరిటెతో గుండ్రంగా తిప్పడం, అంచుల వెంట నూనె వేయడం, ఎర్రబడిన దోసెను మడిచి పళ్లెంలోకి జార్చడం దారిన పోయేవారందరికీ కనిపిస్తాయి. రంజాన్ మాసంలో హైదరాబాద్ హోటళ్ల ముందు బట్టీలు కట్టి, హలీంను పెద్ద ఘోట్నీలతో దంచుతారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంకు ఆ బట్టీని మించిన ప్రకటన లేదు. జపాన్‌లో భోజనశాలల ముందు అద్దాల బీరువాల్లో మైనంతో చేసిన వంటకాల నమూనాలను పెట్టే ఆచారం గత శతాబ్ది పూర్వార్ధంలోనే వ్యాపించింది. ఉద్దేశం అక్కడా ఇక్కడా ఒకటే: లోపలికి రాకముందే సందేహం తీర్చడం.

ఏసీ గదులూ మూసిన వంటగదులూ వచ్చిన తరువాత ఈ చూపు మరుగున పడింది. కొంతకాలం ఆ లోటును సర్వర్ నోరు పూరించింది. “ఇడ్లీ, వడ, పూరీ, దోసె” అంటూ అతడు గుక్క తిప్పుకోకుండా చదివే జాబితాయే అప్పటి మెనూ. తరువాత అచ్చు కార్డు వచ్చింది. 2020 జూన్‌లో కోవిడ్ ఆంక్షలు సడలించి భోజనశాలలను తెరిచినప్పుడు, ఒకసారి వాడి పారవేసే మెనూలను వాడాలనీ, చేతులు తగలని పద్ధతిలో ఆర్డర్లు తీసుకోవడాన్ని ప్రోత్సహించాలనీ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ సూచించింది. జపాన్‌లో 1994లో వాహనాల విడిభాగాల లెక్కకోసం రూపొందిన క్యూఆర్ కోడ్ ఆ విధంగా మన భోజనబల్లల మీదికి చేరింది. అయితే చాలాచోట్ల ఆ కోడ్ వెనుక ఉన్నది పాత కార్డు ఫొటో మాత్రమే. అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ చదవవలసిన ఆ పుట కాగితంకంటే అసౌకర్యం. దానిని వీడియో మెనూ అనలేము.

2. ప్రాంతమూ వంటకాల పేర్లూ:
సైదాబాద్ నుంచి సాగర్ రోడ్డు వైపు సాగే దారిలో ఉన్న చంపాపేట్‌కు ఒకవైపు సంతోష్‌నగర్, మరొకవైపు కర్మన్‌ఘాట్, ఎల్.బి.నగర్ ఉన్నాయి. దగ్గరలోని దిల్‌సుఖ్‌నగర్ శిక్షణసంస్థలకూ హాస్టళ్లకూ ప్రసిద్ధి. ఎల్.బి.నగర్ విజయవాడ రహదారికి ముఖద్వారం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట్ - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. కాబట్టి ఇక్కడి భోజనశాలలో ఒకే బల్లముందు నల్లగొండవారు, గుంటూరువారు, పాతబస్తీ పక్కన పుట్టి పెరిగినవారు కూర్చోవడం సహజం.

వీరందరి నాలుక ఒకటే కావచ్చు గాని, వంటకాల పేర్లు ఒకటి కావు. తెలంగాణలో పుంటికూర అన్నది ఆంధ్రప్రాంతంలో గోంగూర. ‘పుంటికూర మటన్’ అని మాత్రమే రాస్తే, గోంగూర మటన్‌ను ఇష్టపడే వ్యక్తి కూడా దానిని దాటిపోవచ్చు. సర్వపిండిని కొన్నిచోట్ల గిన్నెప్ప అంటారు, మరికొన్నిచోట్ల తపాలచెక్క అంటారు. దానిని ఎన్నడూ తినని కోస్తా విద్యార్థికి ఈ మూడు పేర్లలో ఏదీ ఏమీ చెప్పదు. ‘పిండి’ అన్న మాట విని అది ఉప్మావంటిదేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ‘ఖుబానీ కా మీఠా’ దగ్గర ఇంకొక చిక్కు ఉంది. పేరును సరిగా పలకలేమన్న బిడియంతో, పక్కవారి ముందు అడగలేక, తెలిసిన ఐస్‌క్రీమునే చెప్పేవారు ఉంటారు. ఈ బిడియం ఏ బిల్లులోనూ నమోదు కాదు, కాబట్టి యజమానికి తెలియదు.

ఇక్కడే దృశ్యం పని చేస్తుంది. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలివైపు చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేయడం ఎనిమిది సెకన్లలో చూపవచ్చు. ఆ తరువాత ముక్క విరిగే తీరు చూపితే అది కరకరలాడే వంటకమని వేరుగా చెప్పనక్కరలేదు. మాటా చిత్రమూ మనసులో రెండు వేర్వేరు దారుల్లో నిలుస్తాయనీ, రెండూ కలిస్తే జ్ఞాపకం బలపడుతుందనీ కెనడా మనోవిజ్ఞానవేత్త అలన్ పైవియో ప్రతిపాదించాడు. కావున పేరును తీసివేసి బొమ్మను పెట్టడం కాదు, పేరును బొమ్మతో ముడివేయడం అవసరం. సర్వపిండి దృశ్యం కింద ‘గిన్నెప్ప, తపాలచెక్క’ అని తెలుగులోనే రాయాలి. ఇంగ్లిషు లిపిలో మాత్రమే పేర్లు రాసే అలవాటును ఈ కొత్త సాధనంలోకి కూడా మోసుకువస్తే ప్రయోజనంలో సగం పోతుంది.

చికెన్ బిర్యానీకి ఇవేవీ అక్కరలేదు. హైదరాబాద్‌లో దానిని ఆవిరితో, నెమ్మదిగా తిరిగే కెమెరాతో చూపినా ఆర్డరు చేసేవారు ఎలాగూ చేస్తారు. దాని విషయంలో సందేహం రుచి గురించి కాదు, పరిమాణం గురించి. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్ అన్న మాటలకు ఒక్కొక్క హోటల్లో ఒక్కొక్క కొలత. నలుగురు కూర్చున్న బల్లమీద ఫ్యామిలీ ప్యాక్‌ను పళ్లాల్లో పంచే దృశ్యం మాత్రం ఉపయోగకరం.

3. లాభం లెక్క:
వీడియో మెనూ పెడితే అమ్మకాలు ఇంతశాతం పెరుగుతాయని చెప్పే ప్రకటనలను జాగ్రత్తగా చూడాలి. వర్ణనాత్మకమైన పేర్లు పెడితే విక్రయం 27 శాతం పెరుగుతుందన్న మాట మెనూ చర్చల్లో తరచు వినిపిస్తుంది. అది బ్రయాన్ వాన్సింక్, సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధనలోనిది. వాన్సింక్ పరిశోధనల్లో అక్రమాలు జరిగాయని 2018లో కోర్నెల్ విశ్వవిద్యాలయం తేల్చింది. ఆయన వ్యాసాలు పలు పత్రికలు ఉపసంహరించుకున్నాయి. అలాంటి అంకెను మోసుకొచ్చి చంపాపేట్ హోటల్‌కు అంటించడం తగదు.

యజమానికి ఉపయోగపడేది తన సొంత లెక్క. 1982లో మైకేల్ కసవానా, డొనాల్డ్ స్మిత్ అమెరికాలో ప్రతిపాదించిన మెనూ విశ్లేషణ ప్రతి వంటకాన్నీ రెండు ప్రశ్నలతో కొలుస్తుంది: ఎంతమంది తీసుకుంటున్నారు, పళ్లానికి ఎంత మిగులుతోంది. ఎక్కువ మిగిల్చి తక్కువ అమ్ముడయ్యే వంటకాన్ని వారు ‘చిక్కుముడి’ అన్నారు. వీడియో ఖర్చు పెట్టవలసింది దానిమీదే.

ఉదాహరణకు ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక కూర ధర 260 రూపాయలు, సరుకుల ఖర్చు 110 రూపాయలు, మిగులు 150. చిత్రీకరణకు 3000 రూపాయలైందనుకుంటే, అదనంగా 20 పళ్లాలు అమ్మితే ఖర్చు తిరిగి వస్తుంది. కాని వచ్చినవారి ఆకలి రెట్టింపు కాదు కదా! ఆ కూర తీసుకున్నవారు ఇంతకుముందు 120 రూపాయలు మిగిల్చే మరొక కూరను మానుకొని ఉంటే, నిజమైన లాభం పళ్లానికి 30 రూపాయలే. అప్పుడు 100 పళ్లాలు అమ్మాలి. మానుకున్న కూర 170 రూపాయలు మిగిల్చేదైతే, వీడియో ఎంత బాగా పని చేస్తే అంత నష్టం. బిల్లుల్లో ఒక వంటకం సంఖ్య పెరిగిందని సంతోషించేవారు ఈ మెలికను గమనించరు.

కొలిచే కాలం కూడా ముఖ్యమే. శ్రావణ, కార్తిక మాసాల్లో మాంసాహారం అమ్మకం తగ్గుతుంది. రంజాన్‌లో సాయంత్రాల రద్దీ మారిపోతుంది. ఒక నెలను దాని ముందు నెలతో పోలిస్తే వచ్చేది వీడియో ఫలితం కాదు, పంచాంగ ఫలితం. ఒక వారం వీడియో చూపి, మరొక వారం ఆపి, ఇలా కొన్ని వారాలు మార్చిమార్చి చూసి, ఒక్కొక్క బల్లకు వచ్చిన సగటు మిగులును పోల్చడం మేలు.

4. సాంకేతిక పరిమితులు:
సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున కుదించిన ఎనిమిది సెకన్ల దృశ్యం సుమారు ఒక మెగాబైట్ అవుతుంది. అరవై వంటకాలకూ దృశ్యాలు పెట్టి ఒకేసారి తెరిస్తే అరవై మెగాబైట్లు. సెల్లార్‌లో ఉన్న హోటల్లో సిగ్నల్ అందక ఆ పుట తెరుచుకునేలోపు సర్వర్ వచ్చి నిలబడతాడు. ఐదారు వంటకాలకు పరిమితం కావడం ఖర్చు దృష్ట్యానే గాక ఈ దృష్ట్యా కూడా అవసరం. ఫోన్ బ్రౌజర్లు సాధారణంగా శబ్దం లేని దృశ్యాలనే తమంతట తాము ఆడనిస్తాయి. కనుక వ్యాఖ్యానం మీద ఆధారపడక, తెరమీది తెలుగు అక్షరాలతోనే పని జరగాలి. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవారికోసం కాగితం మెనూ, వివరించి చెప్పే సర్వర్ ఉండనే ఉండాలి.

5. చూపినదీ వడ్డించినదీ:
అచ్చు కార్డు మీద ‘ఘుమఘుమలాడే’ అని రాస్తే ఎవరూ నిలదీయరు. వీడియోలో ఎనిమిది ముక్కలు చూపి పళ్లెంలో ఐదు పెడితే మాత్రం సాక్ష్యం వినియోగదారుడి చేతిలోని ఫోన్‌లోనే ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణచట్టం వస్తువు పరిమాణం, నాణ్యత గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధపరిధిలోకి తెచ్చింది. కేంద్ర ప్రాధికారసంస్థ పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చట్టం మాట అలా ఉంచినా, మోసపోయిన హాస్టల్ విద్యార్థి ఒక్కడే తిరిగి వెళ్లడు, గదిలోని నలుగురినీ తీసుకుపోతాడు. అందువల్ల చిత్రీకరణకోసం ప్రత్యేకంగా వండించకుండా, మధ్యాహ్నం రద్దీవేళ వంటగది నుంచి బయటికి వచ్చే మామూలు పళ్లాన్నే తీయాలి.

చంపాపేట్‌లో ఈ పద్ధతి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చే చోటు భోజనబల్ల కాకపోవచ్చు. ఈ ప్రాంతంలో ఫంక్షన్ హాళ్లు చాలా ఉన్నాయి. పెళ్లి భోజనాలను కుటుంబాలు వారాల ముందే, క్యాటరింగ్ వారిచ్చిన జాబితా చూసి ఖాయం చేసుకుంటాయి. వందలమందికి పెట్టే వంటకాన్ని పేరు విని ఒప్పుకుంటారు. వడ్డన తీరు, ముక్క పరిమాణం ముహూర్తం నాడే కళ్లబడతాయి. ఆ జాబితాలో ప్రతి పేరు పక్కన, అంతకుముందు ఏదో ఒక పెళ్లిలో నిజంగా వడ్డించిన వంటకం దృశ్యం ఉంటే, ఆడపిల్ల తండ్రి మాట్లాడే బేరం వేరుగా ఉంటుంది.