పుస్తకాల సంచిలో చేతి తొడుగులు

హౌరాలో ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన లోకల్ రైలు కొద్దిసేపట్లోనే సంత్రాగాఛి చేరుతుంది. ఆంధ్రదేశం నుంచి కోల్‌కతా ప్రయాణం చేసే తెలుగువారికీ, రైల్వే ఉద్యోగాల నిమిత్తం తరాల క్రితమే ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పేరు కొత్తది కాదు. స్టేషన్‌కు దగ్గరలోనే ఒక పెద్ద చెరువు ఉంది. చలికాలంలో వేలాది నీటిపక్షులు అక్కడ వచ్చి వాలుతాయి. వాటిని చూడడానికి పనిగట్టుకుని వచ్చేవారున్నారు గాని, రోజూ ఈ దారిన కాలేజీలకు వెళ్ళే విద్యార్థులకు ఆ తీరిక ఉండదు.

ఆ గుంపులో ఇరవై ఏళ్ళ యువకుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. రెండు పూటలా రైలులో నిలబడడం, పగలంతా తరగతిలో కూర్చోవడం, రాత్రి పుస్తకం ముందో సెల్‌ఫోను ముందో వంగిపోవడం అతని దినచర్య. వంతెన మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పడుకుంటే నిద్ర రాదు. పరీక్షలు దగ్గర పడితే గుండె దడ. అతనికి జబ్బేమీ లేదు. అలాగని ఆరోగ్యవంతుడనీ చెప్పలేము. అటువంటివాడు ఒకనాడు కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? “చదువుకునేవాడికి ఈ తన్నులాట ఎందుకురా?” అంటారు. ఆ ప్రశ్న తేలికగా కొట్టివేయవలసినది కాదు.

నిజానికి ఈ ప్రశ్న బెంగాల్‌కు పాతదే. బెంగాలీలు దుర్బలులని తెల్లదొరలు వెక్కిరించే రోజుల్లో, 1867లో హిందూమేళాను ప్రారంభించిన నవగోపాల్ మిత్ర యువకుల కోసం వ్యాయామశాల కూడా నడిపాడు. తరువాత వివేకానందుడైన నరేంద్రనాథ్ దత్తా బాల్యంలో అక్కడ కసరత్తు చేసినవాడే. 1902లో కలకత్తాలో ఏర్పడిన అనుశీలన సమితి కర్రసాము నేర్పింది. సరళాదేవి చౌధురాణి యువకులకు కత్తిసాము, కర్రసాము నేర్పించడానికి తానే పూనుకున్నది. ముష్టియుద్ధాన్ని మాత్రం ఒక పద్ధతి ప్రకారం ఇక్కడ పాదుకొల్పినవాడు పరేశ్‌లాల్ రాయ్. ఇంగ్లండులో చదువుకుంటూ ఆ విద్య నేర్చుకుని వచ్చి బెంగాల్ యువకులకు నేర్పాడు. భారతీయ బాక్సింగ్‌కు పితామహుడని ఈనాటికీ ఆయనను పేర్కొంటారు. చదువూ పిడికిలీ ఒకే చోట ఇమడవన్న మాటను ఈ నగరం ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

కిక్‌బాక్సింగ్ వయస్సు వీటన్నిటికంటె చిన్నది. జపాన్ కరాటే వీరులు థాయ్‌లాండ్ మువాయ్ థాయ్ యోధులతో తలపడడం 1960 దశకంలో మొదలయింది. ఆ పోటీలను చూసిన ఒసాము నొగూచి అనే నిర్వాహకుడు కరాటే తన్నులనూ, పాశ్చాత్యుల గుద్దులనూ కలిపి, ఈ పేరు పెట్టి, 1966లో జపాన్‌లో పోటీలు ప్రారంభించాడు. దీని ప్రపంచ సంస్థ వాకో 1976లో ఏర్పడింది; అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2021లో దానికి పూర్తి గుర్తింపు నిచ్చింది. గుర్తింపు వేరు, ఒలింపిక్స్‌లో చోటు వేరు. రెండవది ఇంకా దక్కలేదు.

ఇంతకూ శిక్షణ గదిలో జరిగేదేమిటి? చూడబోయినవారికి మొదట నిరాశే కలుగుతుంది. పోట్లాట కనబడదు. విద్యార్థులు తాడాట ఆడుతూ ఉంటారు. తరువాత చేతులకు పొడవాటి గుడ్డపట్టీలు చుట్టుకుంటారు. మణికట్టు ఒరగకుండా, వేళ్ళ కణుపులు చిట్లకుండా ఆ కట్టు కాపాడుతుంది. ఆపైన నిలబడడం నేర్చుకోవాలి. ఒక పాదం ముందు, ఒకటి వెనుక. గడ్డం కిందికి, చేతులు చెంపల దగ్గర. ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్నవాడికి నిలబడడం రాదని తెలియడం కొంచెం అవమానకరంగానే ఉంటుంది.

తన్ను కూడా కాలితో మాత్రమే చేసే పని కాదు. నేలమీద ఆనిన పాదం మునివేళ్ళ మీద తిరగాలి. దానితో తుంటి, తుంటితో నడుము, నడుముతో భుజం తిరగాలి. అప్పుడే ముంగాలి ఎముక వేలాడే సంచికి సూటిగా తగులుతుంది. కొత్తవారందరూ చేసే తప్పు ఊపిరి బిగబట్టడం. ప్రతి దెబ్బకూ శ్వాస బయటికి వదలాలి. లేకపోతే రెండు నిమిషాల ఆవృత్తంలో మొదటి నిమిషానికే కాళ్ళు బరువెక్కుతాయి. రెండు నిమిషాలు శ్రమ, ఒక నిమిషం విశ్రాంతి, మళ్ళీ శ్రమ: గుండెకూ ఊపిరితిత్తులకూ ఇంతకంటె సూటిగా పనిచెప్పే వ్యాయామాలు తక్కువ. రోజంతా కుర్చీలో ముడుచుకుపోయిన తుంటి కండరాలు, వంగిపోయిన వీపు ఇందులో తప్పించుకోలేవు.

వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గాని చేయాలనీ, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. తీవ్ర వ్యాయామం అంటే ఏమిటో గుర్తించడానికి యంత్రాలక్కరలేదు: మధ్యలో ఊపిరి తీసుకోకుండా నాలుగు మాటలు చెప్పలేకపోతే అది తీవ్రమైనదే. వారానికి రెండు తరగతులకు వెళ్ళే విద్యార్థి ఆ లెక్కను సులువుగా అందుకుంటాడు.

మనస్సు సంగతి వేరే చెప్పుకోవాలి. కవి బైరన్‌కు పుట్టుకతోనే ఒక పాదం వంకర. అయినా ఆనాటి ప్రసిద్ధ ముష్టియోధుడు జాన్ జాక్సన్ వద్ద బాక్సింగ్ నేర్చుకున్నాడు. 1814 ఏప్రిల్‌లో ఒకనాడు ఆయన ఒక గంటసేపు బాక్సింగ్ చేసి, అదే రోజు నెపోలియన్ మీద గీతం వ్రాశాడు. (ఆంగ్ల సాహిత్యం బోధించేవారు ఆ గీతాన్ని చెబుతారు గాని, ఆ గంటను చెప్పరు.) తన వైపు వచ్చే దెబ్బను గమనిస్తున్నంతసేపు మనిషికి రేపటి పరీక్ష గుర్తుండదు. అలసిన దేహానికి నిద్ర తొందరగా వస్తుంది. క్రమబద్ధమైన వ్యాయామం ఆందోళననూ దిగులునూ కొంతవరకు తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంగీకరించింది. అయితే దిగులు జబ్బుగా మారినవాడికి కావలసినది వైద్యుడే.

కోపమంతా సంచి మీద తీర్చుకోవచ్చునన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కరలేదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ఈ విషయాన్నే పరీక్షించాడు. తమను కించపరిచిన మనిషిని తలచుకుంటూ సంచిని గుద్దినవారి కోపం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవారే వారికంటె నయమనిపించారు. అందువల్ల సంచిని కొట్టేటప్పుడు ఎవరి ముఖాన్నీ దానికి తగిలించరాదు. తన పాదం, తన శ్వాస చూసుకుంటే చాలు.

ఇక పెద్దవాళ్ళ భయం దగ్గరికి వద్దాం. అది తలకు సంబంధించినది. చదువుకునేవాడి పెట్టుబడి అంతా అక్కడే ఉంది. ముష్టియోధులలో కొందరు కాలక్రమాన తడబడుతూ నడవడం, మాట ముద్దగా రావడం గమనించిన అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, 1928లోనే ఆ సంగతిని వైద్యలోకం ముందుంచాడు. శిరస్త్రాణం పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవడాన్ని ఆపలేదు. 2013లో పురుషుల అగ్రశ్రేణి బాక్సింగ్ పోటీల నుంచి శిరస్త్రాణాన్ని తొలగించారు కూడా.

కాని కిక్‌బాక్సింగ్ అంతా ఒకటి కాదు, ఇక్కడే విద్యార్థి ఎన్నుకోవలసి ఉంటుంది. రింగులో జరిగే పోటీల్లో పూర్తి బలంతో కొట్టవచ్చు, ప్రత్యర్థిని పడగొట్టవచ్చు. చాపమీద జరిగే పోటీల్లో దెబ్బ తగలాలి గాని, బలం అదుపులో ఉండాలి. మితిమీరితే శిక్ష పడుతుంది. ఇవి రెండూ లేకుండా సంచితోనూ, శిక్షకుడు పట్టుకునే దిండ్లతోనూ ఏళ్ళ తరబడి సాధన చేసేవారూ ఉన్నారు. ఇంతవరకు చెప్పుకున్న ఊపిరి, నిద్ర, నడుము బలం, ధైర్యం అన్నీ ఈ మూడవ మార్గంలోనే దొరుకుతాయి. పతకం కావాలంటే మాత్రం దెబ్బలు తినాలి. తెలిసి ఎంచుకున్నవారిని ఎవరూ కాదనలేరు.

అలా ఎంచుకున్నవారిలో అస్సాంకు చెందిన లవ్లీనా బొర్గొహాయిన్ ఒకరు. గోలాఘాట్ జిల్లాలోని చిన్న గ్రామంలో ఇద్దరు అక్కలను చూసి మువాయ్ థాయ్ మొదలుపెట్టింది. తండ్రి తెచ్చిన మిఠాయి పొట్లం కాగితంలో మహమ్మద్ అలీ గురించి చదివి ఆ బాలిక ముచ్చటపడిందని చెబుతారు. బడిలో జరిగిన ఎంపికల్లో శిక్షకుల కంటబడి బాక్సింగ్‌కు మారింది; టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2023లో ప్రపంచ విజేత పదవి సాధించింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథ మరొక రకం. పరుగు నేర్చుకోవడానికి మైదానానికి వెళ్ళి, బాక్సింగ్ సాధనలో అమ్మాయిలెవరూ ఎందుకు లేరని తండ్రిని అడిగింది. అబ్బాయిలతోనే సాధన చేసింది. కూతురి కమిలిన ముఖం చూసి తల్లి కన్నీరు పెట్టుకున్నది. నిఖత్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయింది.

పతకాల ఊసు లేని విద్యార్థి మొదటి రోజు శిక్షకుణ్ణి ఒక ప్రశ్న అడిగితే చాలు: కొత్తవారిని ఎన్నాళ్ళకు ఎదురెదురుగా దింపుతారు? మొదటి వారంలోనే దింపుతామని గర్వంగా చెప్పే చోటునుంచి తిరిగి వచ్చేయడం మంచిది. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినా, కాసేపు ఏమీ తోచకపోయినా ఆ రోజుకు సాధన ముగిసినట్లే. వైద్యునికి చూపించుకోకుండా మళ్ళీ తొడుగులు వేసుకోరాదు. మొదటి నెల ఖర్చు పెద్దగా ఉండదు. సాధన వట్టి కాళ్ళతోనే కనుక బూట్లు అక్కరలేదు. ఒక తాడు, ఒక జత చేతికట్లు ఉంటే చాలు. తొడుగులు రెండో నెలలో కొనుక్కోవచ్చు, కాని సొంతవే కొనుక్కోవాలి. పదిమంది చెమట ఇంకిన తొడుగుల వాసన ఎటువంటిదో వాటిలో ఒకసారి చేయి పెట్టినవారికే తెలుసు.